ఆర్‌సీ టూరింగ్ కారు చాసిస్, స్టీరింగ్ మార్పులు: శ్రీకాకుళం, విజయనగరం రేసర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ రిమోటుతో నడిచే (ఆర్‌సీ) 1/10 స్కేలు ఎలక్ట్రిక్ టూరింగ్ కార్ల గురించి. అంటే వెడల్పు 190 మి.మీ., వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 257 మి.మీ. అటూ ఇటూగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు. కార్బన్ ప్లేటు మీద కట్టి, బెల్టులతో చక్రాలను తిప్పే బండ్లకూ, టామియా టీటీ-02 లాంటి ప్లాస్టిక్ టబ్ (తొట్టి ఆకారపు చాసిస్) బండ్లకూ ఇది పనికొస్తుంది. మన రెండు జిల్లాల్లో బండి తిరిగేది తారు మీద, లేదంటే సిమెంటు గచ్చు మీద. అందుకే జవాబులన్నీ ఆ లెక్కలోనే ఇచ్చాం.

కొత్త బండ్ల చాసిస్‌లో అసలు ఏం మారింది?

అన్నిటికన్నా పెద్ద మార్పు బ్యాటరీతో వచ్చింది. నికెల్ సెల్స్ వాడే రోజుల్లో ఒక్కో సెల్లు కిందికి దిగడానికి కింది ప్లేటులో వరసగా గాడులు కోసేవాళ్లు. ప్లేటు అక్కడ బలహీనపడేది. రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వచ్చాక ఆ గాడులతో పని లేకుండా పోయింది, బరువూ తగ్గింది. మిగిలిన బరువును ఎక్కడ పెట్టాలన్నది డిజైనర్ల చేతికొచ్చింది.

అక్కడి నుంచి చూపంతా నడిమి గీత మీదికి మళ్లింది. మోటారు మౌంటు, సర్వో (స్టీరింగును తిప్పే చిన్న మోటారు పెట్టె) మౌంటు, బ్యాటరీ పట్టీ ఏదైనా సరే, ప్లేటు ఎడమకూ కుడికీ ఒకేలా మెలిపడేటట్టు బిగించడం మొదలైంది. ప్లేటు మందం తగ్గింది, టాప్ డెక్ (పై పలక) సన్నబడింది, షాకులు పొట్టిగా తయారై కిందికి దిగాయి. మోటారు వెనక నుంచి మధ్యకు జరిగిన బండ్లూ వచ్చాయి.

ఇంత మారినా మూల రూపం మాత్రం నిలిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్ 2014లో నవోటో మత్సుకురా, 2016లో రొనాల్డ్ ఫోల్కర్ యోకోమో బండ్లతో గెలిచారు. 2018లో బ్రూనో కోయెల్యో ఎక్స్‌రే బండితో గెలిచాడు. ఈ మూడూ రెండు బెల్టులు, కార్బన్ ప్లేటు ఉన్న బండ్లే.

ఆ మార్పులన్నీ మన తారు మీద పనికొస్తాయా?

కొన్ని పనికొస్తాయి, కొన్నిటితో నష్టమే. ప్రతి కొత్త భాగమూ ఎక్కడో ఒక ట్రాకు మీద వచ్చిన ఇబ్బందికి జవాబుగా పుట్టింది. మీ బండికి ఆ ఇబ్బంది ఉందా అన్నది ముందు చూసుకోండి.

చాలా పొట్టి షాకులు, గట్టి స్ప్రింగులు నున్నటి కార్పెట్ కోసం వచ్చినవి. అక్కడ పట్టు విపరీతంగా ఉంటుంది, వేగంగా తిప్పితే బండి బోల్తా కొడుతుంది. మనకు బోల్తా బెడద తక్కువ, జారుడు బెడద ఎక్కువ. తారులో కంకర తేలి ఉంటుంది, దాని మీద దుమ్ము పొర. ఇక్కడ చక్రం నేలను వదలకుండా పట్టుకోవాలంటే సస్పెన్షన్ మెత్తగా ఉండాలి, ప్రయాణం ఎక్కువ ఉండాలి. కార్పెట్ మీద నేలకూ ప్లేటుకూ మధ్య 5 మి.మీ. ఎత్తుతో (రైడ్ ఎత్తు) నడిచే బండిని ఇక్కడ 5.5 నుంచి 6.5 మధ్య పెట్టండి. లేకపోతే ప్లేటు అడుగు కంకరకు రాసుకుని, ఆ రాసుకున్న క్షణంలో స్టీరింగ్ పూర్తిగా పోతుంది. రెండు రౌండ్లయ్యాక బండి తిరగేసి చూడండి. ముందు అంచున తాజా గీతలు కనిపిస్తే ఎత్తు చాలదన్నమాట.

సర్వో మౌంటును నడిమి గీత మీద బిగించడం, స్టీరింగులో లూజు తీసేయడం, సన్నటి టాప్ డెక్ వాడటం మాత్రం ఏ నేల మీదైనా మేలే చేస్తాయి.

2.25 మి.మీ. ప్లేటు తీసి 2 మి.మీ. వేస్తే తేడా తెలుస్తుందా?

తెలుస్తుంది. పలక వంగుడు బిగువు మందం ఘనంతో మారుతుంది. పావు మి.మీ. తగ్గిస్తే మందంలో 11 శాతమే తగ్గినట్టు కనిపిస్తుంది, బిగువులో మాత్రం సుమారు 30 శాతం పోతుంది. జారే నేల మీద ముందు చక్రాలు మెల్లగా కరిచి పట్టుకుంటాయి, బండి క్షమించే గుణం పెరుగుతుంది. మూల్యం ఏమిటంటే, గట్టి దెబ్బ తగిలినప్పుడు సన్న ప్లేటు తొందరగా మెలి తిరుగుతుంది.

కొత్త ప్లేటు కొనేముందు ఉన్నదాన్నే మెత్తబరచి చూడండి. టాప్ డెక్‌ను మోటారు మౌంటుకు పట్టి ఉంచే స్క్రూలు రెండు తీసేసి ఐదు నిమిషాలు నడపండి. మంచిదనిపిస్తే కొత్త ప్లేటు వల్ల ఏం వస్తుందో మీకు ముందే అర్థమైనట్టు. ఖర్చేమీ లేని ప్రయోగమిది.

బండి కుడికి చక్కగా తిరుగుతోంది, ఎడమకు తిరగడం లేదు. రిమోటులో ట్రిమ్ (స్టీరింగ్ మధ్య స్థానాన్ని సర్దేది) మార్చినా అంతే. ఎందుకు?

ఎక్కువసార్లు దీనికి కారణం చాసిస్ మెలి, మనవాళ్లు ట్వీక్ అనేది. నాలుగు కాళ్ల స్టూలులో ఒక కాలు పొట్టిదైతే ఎలా ఊగుతుందో ఇదీ అలాంటిదే. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు చక్రాల మీద బరువు ఎక్కువ పడి, మిగతా రెండూ తేలికవుతాయి. ట్రిమ్‌తో ఇది పోదు.

ముందు సమంగా ఉన్న బల్ల కావాలి. కిచెన్ ప్లాట్‌ఫారం, టీపాయ్ అద్దం నమ్మకండి. ఈ విషయంలో మనవైపు అదృష్టముంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగు యూనిట్లలో కోతకు మిగిలిన ముక్కలు దొరుకుతాయి. 45 × 30 సెం.మీ. ముక్క, 18 మి.మీ. మందంలో తెచ్చుకోండి, ఆరున్నర కిలోల బరువుంటుంది. పాలిష్ చేసిన ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, నిలువునా, అడ్డంగా, రెండు మూలల మీదుగా చూడండి. మెకానిక్ షాపులో ఉండే ఫీలర్ గేజీలో 0.05 మి.మీ. ఆకు ఎక్కడా స్కేలు కింద దూరకూడదు. దూరితే ఇంకో ముక్క చూసుకోండి.

ఆ మీదట ఈ వరసలో చేయండి. యాంటీ రోల్ బార్లు (బండి పక్కకు ఒరగకుండా రెండు పక్కల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీలు) విప్పేయండి. షాకులు నాలుగూ తీసి, ముందు రెండూ ఒకే పొడవు, వెనక రెండూ ఒకే పొడవు ఉన్నాయో లేదో వెర్నియర్‌తో కొలవండి. ఆర్ములు (చక్రాలను మోసే సస్పెన్షన్ చేతులు) చేత్తో పైకెత్తి వదిలితే వాటంతట అవే పడాలి. ఏదైనా పట్టేస్తుంటే పిన్ను వంగి ఉంటుంది, లేదా లోపల ఇసుక ఉంటుంది. డ్రూప్ (ఆర్ము కిందికి ఎంత దిగుతుందన్న కొలత) రెండు పక్కలా సమం చేయండి.

షాకులు తిరిగి బిగించి, బ్యాటరీ పెట్టి, బండిని గ్రానైటు మీద ఉంచండి. చాకు మొనను ముందు బంపరు కింద సరిగ్గా నడిమి గీతలో పెట్టి మెల్లగా ఎత్తండి. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందు లేచి రెండోది ఆగితే, ఆగిన చక్రం మీద బరువు ఎక్కువ ఉన్నట్టు. వెనక కూడా ఇలాగే చూడండి.

మెలి ఉందని తేలితే కాలర్లు (షాకు స్ప్రింగును బిగించే రింగులు) తిప్పడానికి తొందరపడకండి. టాప్ డెక్ స్క్రూలన్నీ అర చుట్టు వదులు చేసి, చక్రాలు తీసిన చాసిస్‌ను గ్రానైటు మీద అరచేత్తో అదిమి పట్టి, మధ్య స్క్రూ నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా బిగించుకుంటూ చివరలకు రండి. నూటికి తొంభై బండ్లు ఇక్కడే దారికొస్తాయి. ఇంకా కొద్దిగా మిగిలితే అప్పుడు బరువున్న మూల కాలరు అర చుట్టు వదులు చేసి, అదే యాక్సిల్‌కు రెండో పక్క కాలరు అర చుట్టు బిగించండి. చివర్లో రోల్ బార్లు పెట్టి మళ్లీ ఎత్తి చూడండి. బారు తగిలించాకే తేడా వస్తే బారు వంకర పోయింది, లేదా దాని లింకులు పొడవులో సమంగా లేవు.

సర్వోను మధ్యలో ఒకే మౌంటు మీద తేలినట్టు ఎందుకు పెడుతున్నారు?

పాత పద్ధతిలో సర్వో రెండు చెవులనూ రెండు స్తంభాల మీద, ఎడమవైపు ప్లేటుకు దూరదూరంగా బిగించేవాళ్లు. సర్వో పెట్టె గట్టిది. అలా బిగించాక ఆ పక్క ప్లేటుకు అది బద్దలా పనిచేస్తుంది. కుడి పక్క మెలిపడుతుంది, ఎడమ పక్క మెలిపడదు. దాంతో బండి ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా ప్రవర్తిస్తుంది. నడిమి గీత దగ్గర మాత్రమే పట్టి ఉంచే మౌంటుతో ఈ తేడా పోతుంది.

పాత బండికి ఇలాంటి మౌంటు దొరక్కపోతే, బయటి స్తంభాన్ని ప్లేటుకు పట్టే స్క్రూ తీసేసి లోపలి దానితోనే నడపాలని చాలామంది చూస్తారు. అది చేయకండి. ఒక్క స్తంభం మీద సర్వో ఊగుతుంది, ఆ ఊగుడు లూజుగా మారి మెలి కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. మీ మోడలుకు తయారైన మౌంటే తెప్పించుకోండి.

టీటీ-02 స్టీరింగులో లూజు చాలా ఉంది. ఏది ముందు మార్చాలి?

కొనేముందు లూజు ఎక్కడుందో కొలవండి. బండికి, రిమోటుకు కరెంటు ఇచ్చి సర్వోను నిలబెట్టండి. ముందు చక్రం ముందంచును వేలితో లోపలికీ బయటికీ కదిపి, ఎంత కదులుతోందో స్కేలుతో చూడండి. చక్రం వ్యాసం 64 మి.మీ. కాబట్టి అంచు దగ్గర 1 మి.మీ. కదిలిందంటే దాదాపు 1.8 డిగ్రీలు. మనం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సెట్ చేసేది అర డిగ్రీ, ఒక డిగ్రీ లెక్కన. మూడు డిగ్రీల లూజు పెట్టుకుని అర డిగ్రీ సర్దితే ఏం లాభం?

ఇప్పుడు ఒక చేత్తో చక్రాన్ని కదుపుతూ ఇంకో చేతి వేలు ఒక్కో కీలు మీద ఆనించండి. కదలిక ఎక్కడ పుడుతోందో వేలికే తెలుస్తుంది. టీటీ-02లో మామూలుగా మూడు చోట్ల దొరుకుతుంది. స్టీరింగ్ క్రాంకులు (సర్వో కదలికను చక్రాల వైపు అందించే మీటలు) ప్లాస్టిక్ గొట్టాల మీద తిరిగే చోటు ఒకటి, క్రాంకులను కలిపే అడ్డ బద్ద రెండోది, సర్వో సేవరు (దెబ్బను సర్వో దాకా పోనివ్వని స్ప్రింగు భాగం) మూడోది. మొదటి రెండిటికీ బేరింగులున్న అల్యూమినియం స్టీరింగ్ సెట్ ఒకటే మందు. మూడోదానికి గట్టి స్ప్రింగున్న సర్వో సేవరు వేయాలి. సేవరు తీసేసి నేరుగా హార్న్ (సర్వో ఇరుసు పళ్ల మీద కూర్చునే చేయి) వేయాలనుకుంటే మెటల్ గేర్ సర్వో ఉంటేనే వేయండి. ఇటుక అంచుకు ఒక్క దెబ్బ తగిలితే ప్లాస్టిక్ గేర్ల పళ్లు రాలిపోతాయి.

చక్రం పక్కకు ఊగుతుంటే హబ్బులో 1150 సైజు బేరింగు, అంటే లోపల 5, బయట 11, మందం 4 మి.మీ. ఉండేది, ఉందో లేదో చూడండి. కిట్టుతో వచ్చిన ప్లాస్టిక్ బుష్షులే ఉంటే అవి తీసేయండి. మిగిలిన ఊగుడు 5 మి.మీ. షిమ్ములతో (పలచటి వాషర్లు), 0.1 లేదా 0.2 మందంలో, తీయొచ్చు. మరీ ఎక్కువ పెడితే బేరింగు పట్టేస్తుంది. చక్రాన్ని వేలితో తిప్పి వదిలి, స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూసుకోండి.

ఇంకొక్క మాట. టబ్ చాసిస్‌లో స్క్రూలు ప్లాస్టిక్‌లోకే దిగుతాయి. విప్పి బిగించే ప్రతిసారీ ముందు స్క్రూను వెనక్కి తిప్పి, పాత మరలో టక్కుమని కూర్చున్నాకే ముందుకు బిగించండి. లేకపోతే కొత్త మర కోసుకుని నాలుగైదుసార్లకు రంధ్రం పాడైపోతుంది.

సర్వో, లింకులు ఏ వరసలో సెట్ చేయాలి?

రిమోటులో ట్రిమ్, సబ్ ట్రిమ్ సున్నా చేయండి. ఎండ్ పాయింట్లు (స్టీరింగ్ ఎటు ఎంతవరకు తిరగాలన్న హద్దులు), డ్యూయల్ రేటు (మొత్తం తిరుగుడును తగ్గించే శాతం) 100కు తెండి. హార్న్ లేకుండా కరెంటు ఇచ్చి సర్వోను మధ్యకు రానివ్వండి. అప్పుడు హార్న్‌ను సర్వో లింకుకు లంబంగా నిలిచే పన్ను మీద పెట్టండి. ఒక పన్ను అటో ఇటో అయితే మిగిలిన కాస్త తేడా సబ్ ట్రిమ్‌తో తీయండి. సబ్ ట్రిమ్ బాగా ఎక్కువ పెట్టాల్సి వస్తోందంటే హార్న్ తప్పు పన్ను మీద ఉన్నట్టు.

తర్వాత సర్వో లింకు పొడవు సర్ది క్రాంకులు రెండూ సమంగా నిలిచేలా చూడండి. ఎడమ, కుడి టై రాడ్లు (క్రాంకుల నుంచి చక్రాలకు పోయే కడ్డీలు) వెర్నియర్‌తో కొలిచి ఒకే పొడవు చేయండి. టో రెండు పక్కలా ఒకేలా రాకపోతే రాడ్లు మార్చకండి, తేడా అంతకుముందు చేసిన పనిలో, హార్న్ దగ్గరో క్రాంకుల దగ్గరో ఉంది. చివరగా ఎండ్ పాయింటు: స్టీరింగును పూర్తిగా తిప్పి పట్టుకుని, నకల్ (చక్రాన్ని పట్టుకుని తిరిగే భాగం) ఆపుకు తగిలే చోటికి వచ్చాక రెండంకెలు వెనక్కి తగ్గించండి. తగిలిన చోటే వదిలితే సర్వో గీపెడుతూ వేడెక్కుతుంది, మే నెల ఎండలో కాలిపోతుంది కూడా.

నేల మీద పరీక్ష సులువు. స్టీరింగ్ పూర్తిగా పట్టుకుని నెమ్మదిగా ఎడమకు ఒక గుండ్రం, కుడికి ఒక గుండ్రం తిప్పి సుద్దముక్కతో గీయండి. వ్యాసాలు సమమయ్యేదాకా ఎండ్ పాయింటు సర్దండి.

అకర్‌మన్ అంటే ఏమిటి? ఎంత పెట్టాలి?

మలుపులో లోపలి చక్రం చిన్న గుండ్రం, బయటి చక్రం పెద్ద గుండ్రం తిరుగుతాయి. అందుకని లోపలి చక్రం ఎక్కువ కోణంలో తిరగాలి. ఆ తేడాయే అకర్‌మన్. 257 మి.మీ. వీల్‌బేస్ బండిలో లోపలి చక్రం 25 డిగ్రీలు తిరిగితే, టైర్లు ఏమాత్రం జారకూడదనుకుంటే బయటిది సుమారు 20 డిగ్రీలు తిరగాలి. రేసులో టైర్లు ఎప్పుడూ కొంత జారుతూనే తిరుగుతాయి కాబట్టి అంత తేడా అక్కర్లేదు.

మీ బండిలో ఎంతుందో చూడాలంటే గ్రానైటు మీద తెల్ల కాగితం అంటించి, బండి పెట్టి, ముందు చక్రాల బయటి అంచుకు స్కేలు ఆనించి పెన్సిలుతో గీత గీయండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మళ్లీ గీయండి. స్కూలు పిల్లల కోణమానినితో రెండు గీతల మధ్య కోణం కొలవండి. అడ్డ బద్ద మీద టై రాడ్ బాల్‌ను ఒక రంధ్రం మార్చి, లేదా 1 మి.మీ. స్పేసరు వేసి జరిపి, మళ్లీ కొలవండి. ఎటు జరిపితే పెరుగుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. కాగితం మీది కోణాన్నే నమ్మండి.

కారు పార్కింగు లాంటి చిన్న జాగాలో, హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువున్న చోట తేడా ఎక్కువ పెడితే లోపలి టైరు ఈడ్చుకుపోదు, స్టీరింగ్ నెమ్మదిగా, నమ్మకంగా ఉంటుంది. పెద్ద వేగపు మలుపులుంటే తగ్గించండి, తిప్పగానే స్పందన చురుగ్గా ఉంటుంది.

గతుకు మీద బండి తనంతట తాను పక్కకు దూకుతోంది. ఎందుకు?

బంప్ స్టీర్. సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలినప్పుడు టో మారిపోతోంది. మన తారు మీద ఇది అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, అయినా ఎక్కువమంది చూసుకోరు. ముందు షాకులు తీసి, ఆర్మును చేత్తో పైకీ కిందికీ ఆడిస్తూ పైనుంచి చక్రాన్ని చూడండి. టై రాడ్లు యాక్సిల్‌కు వెనక ఉన్న బండిలో, ఆర్ము పైకి లేచినప్పుడు చక్రం ముందంచు బయటికి తెరుచుకుంటే నకల్ మీది బాల్ ఎత్తు ఎక్కువైనట్టు. దాన్ని అర మి.మీ. దించండి, లేదా లోపలి బాల్‌ను అంతే ఎత్తండి. లోపలికి మూసుకుంటే దానికి ఎదురు. రైడ్ ఎత్తు మార్చిన ప్రతిసారీ మళ్లీ చూడాలి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు నుంచి టకటకమని కొట్టుకుంటోంది. ఏం విరిగింది?

బహుశా ఏమీ విరగలేదు. ముందు స్పూల్ (రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే ఇరుసు) ఉండి, ఒకే కీలు సీవీడీ (చక్రాన్ని తిప్పే కీళ్ల షాఫ్టు) ఉన్న బండి లక్షణమది. ఒక్క కీలు షాఫ్టు వంగి తిరిగేటప్పుడు చక్రం వేగం ఒకే చుట్టులో పెరిగి తగ్గి కొట్టుకుంటుంది, వంపు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. స్పూల్‌లో రెండు చక్రాలూ కట్టేసినట్టు ఉండటంతో ఆ దెబ్బ స్టీరింగులోకి వస్తుంది. రెండు కీళ్ల షాఫ్టులో రెండో కీలు మొదటిదాని హెచ్చుతగ్గును కొట్టేస్తుంది. ఖర్చు వద్దనుకుంటే స్టీరింగ్ కోణం నాలుగైదు డిగ్రీలు తగ్గించండి, లేదా స్పూల్ బదులు బాగా చిక్కటి సిలికాన్ ఆయిల్ వేసిన గేర్ డిఫ్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) వాడండి.

స్లైడ్ రాక్ స్టీరింగ్ (క్రాంకులకు బదులు పట్టాలో పక్కకు జారే బద్ద) వేయొచ్చా?

దుమ్ములో వద్దు. రాక్ జారే పట్టాలో ఇసుక రేణువు ఇరుక్కుంటే స్టీరింగ్ మధ్యకు తిరిగి రాదు. బేరింగుల మీద తిరిగే రెండు క్రాంకులే మన నేలకు మంచివి.

చాసిస్ ప్లేటు ఇక్కడే కోయించుకోవచ్చా?

సీఎన్‌సీ రౌటరుతో కోయొచ్చు, డ్రాయింగు సరిగ్గా ఉండాలి. మొదటి ప్రయత్నానికి కార్బన్ కాకుండా ఎఫ్‌ఆర్4 గ్లాస్ ఫైబర్ షీటు వాడండి. సర్క్యూట్ బోర్డులు చేసే ఆకుపచ్చ షీటు అదే. చవక, మెత్తన, తప్పు పోయినా బాధ ఉండదు. ఎం3 స్క్రూకు రంధ్రం 3.1 మి.మీ. మించకూడదు. మించితే దెబ్బ తగిలినప్పుడల్లా బల్క్‌హెడ్లు (ప్లేటు మీద ఆర్ములను, గేర్లను పట్టి ఉంచే దిమ్మెలు) జరిగి మెలి మళ్లీ మొదలవుతుంది. కింద స్క్రూ తలలు దిగే గుంటలు నేలకు తగలకుండా చూడండి, కానీ ప్లేటు మందంలో మూడింట రెండొంతులకన్నా లోతు పోకండి.

కార్బన్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా చెడు. అంచులు ఆకురాయితో కాకుండా నీళ్లలో తడిపిన ఎమెరీ కాగితంతో రుద్దండి, మాస్కు కట్టుకోండి. ఆరాక అంచు చుట్టూ పలచటి సూపర్ గ్లూ పట్టిస్తే పొరలు విడిపోవు. బ్యాటరీ కూర్చునే చోట అంచును నున్నగా గుండ్రం చేయండి. కార్బన్ కరెంటును పోనిస్తుంది, వైరు తోలు అక్కడ కోసుకుపోతే లైపో షార్టవుతుంది.

కళింగపట్నం, భావనపాడు వైపు నడిపితే వేరే జాగ్రత్తలున్నాయా?

ఉప్పు గాలికి ముందు పోయేవి స్టీరింగ్ క్రాంకుల చిన్న బేరింగులు. ఇంటికి రాగానే బ్రష్షుతో దుమ్ము దులిపి, ఒక్కో బేరింగుకు ఒక్క చుక్క పలచటి నూనె వేయండి. గ్రీజు వద్దు, ఇసుకను పట్టి ఉంచుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ వేసుకుంటే తొందరగా తుప్పు పట్టవు, కానీ వాటి తలలు మెత్తన. అరిగిన అలెన్ కీతో తిప్పితే గుండ్రమైపోతాయి. 2 మి.మీ. అలెన్ డ్రైవరు మాత్రం మంచిది కొనండి.

మార్పు మంచిదో కాదో ఎలా తేల్చాలి?

ఒకే బ్యాటరీ, ఒకే టైర్లు, ఒకే మార్పు. పాత సెటప్‌తో పది రౌండ్ల టైము రాసుకోండి. మార్చి పది, మళ్లీ పాతదానికి తెచ్చి పది. మూడోసారి టైము మొదటిదానితో కలవకపోతే మారింది బండి కాదు, నేల. పొద్దున ఏడింటికి ఉన్న తారు పదకొండింటికి ఉండదు. ఎండాకాలంలో 36 కాంపౌండు (రబ్బరు రకం) టైరు మధ్యాహ్నం పట్టినట్టు పొద్దున పట్టదు. అందుకే మార్పుల పరీక్షలన్నీ గంటలోపు ముగించండి, రైడ్ ఎత్తు, టో, క్యాంబరు (చక్రం పక్కకు వాలే కోణం) అంకెలు ప్రతిసారీ నోటుబుక్కులో తేదీతో సహా రాయండి.